నవలల్లో సువార్త విశ్వాసులు

మన హాస్టల్లో ప్రార్థనకు వెళ్ళేవాళ్ళం, వెళ్ళనివాళ్ళం ఒకే గదిలో ఉంటాం. అందుకే మేము రెండు నవలలను పోల్చి చూశాం.

అమెరికన్ రచయిత్రి బార్బరా కింగ్‌సాల్వర్ 'ది పాయిజన్‌వుడ్ బైబిల్' (1998)లో బాప్టిస్టు బోధకుడు నేథన్ ప్రైస్ 1959లో కాంగో వెళ్తాడు. మొసళ్ళున్న నదిలోనే బాప్తిస్మం ఇస్తానని పట్టుబడతాడు. యేసు ప్రియమైనవాడు అనబోయి, ఉచ్చారణ తప్పి, విషవృక్షం అంటాడు. అక్కడ కనిపించేది బోధకుడి మొండితనం.

జి. కళ్యాణరావు 'అంటరాని వసంతం' (2000) మతం పుచ్చుకున్నవారి కథ. కరువులో బకింగ్‌హాం కాలువ పనికి వెళ్ళిన శివయ్య, శశిరేఖలను అంటరానివాళ్ళని తరిమేస్తారు. శివయ్య సీమోను అవుతాడు. అయినా కులం వదలదు.

బోధించినవాడి కథ వేరు, నమ్మినవాడి కథ వేరు. ఒక్క నవల చదివి విశ్వాసులంతా ఇంతే అనుకోవద్దు. పక్కన పడుకునే మిత్రుణ్ణి అడిగితే మూడో కథ చెబుతాడు.