పాతబడిన హైబ్రిడ్ కారు: మరమ్మతా, విక్రయమా?

ఛత్తీస్‌గఢ్ రాజధాని రాయ్‌పూర్‌కు మరమ్మతుల విలువ బాగా తెలుసు. రైల్వేవారి వ్యాగన్ మరమ్మతు కార్ఖానా అనేక దశాబ్దాలుగా అక్కడ పనిచేస్తున్నది. నిర్ణీత కాలానికొకసారి వచ్చే గూడ్సు పెట్టెలను పూర్తిగా తనిఖీచేసి, అరిగిన భాగాలను మార్చి, తిరిగి పట్టాలపైకి పంపుతారు. ఒక చక్రం అరిగినంత మాత్రాన పెట్టెను తుక్కుగా పరిగణించరు. చట్రమే శిథిలమైనచో దానిపై వృథాగా ధనం వెచ్చించరు. ఇదే విచక్షణ నేడు హైబ్రిడ్ కార్ల యజమానులకు అవసరమవుతున్నది.

పెట్రోలు ఇంజను, విద్యుత్ మోటారు రెండూ గల వాహనమే హైబ్రిడ్ కారు. సాధారణ వాహనంలో బ్రేకు వేసినప్పుడు శక్తి వేడిగా మారి వ్యర్థమవుతుంది. హైబ్రిడ్ కారులో మోటారే అప్పుడు జనరేటరుగా మారి, ఆ శక్తిలో కొంత భాగాన్ని బ్యాటరీకి చేరవేస్తుంది. అందువల్ల మాటిమాటికీ ఆగి కదిలే నగర ప్రయాణంలో ఇంధనం ఎక్కువగా ఆదా అవుతుంది. మన దేశానికి 2008లో హోండా సివిక్ హైబ్రిడ్, 2010లో టయోటా ప్రియస్ దిగుమతి అయినాయి. 2013లో టయోటా కామ్రీ హైబ్రిడ్ కర్ణాటకలోని బిడదిలో తయారు కాసాగింది. 2015లో వచ్చిన మారుతీ సియాజ్ డీజిల్ వంటివి స్వల్ప హైబ్రిడ్‌లు. వాటిలో మోటారు ఇంజనుకు తోడ్పడునే గాని ఒంటరిగా కారును నడపదు. తన కారు ఏ తరగతికి చెందినదో తెలుసుకోవడం యజమాని చేయవలసిన మొదటి పని. ఏలనంటే బ్యాటరీ ఖర్చు ప్రధానంగా దానిపైనే ఆధారపడుతుంది.

లోపం ఎక్కడ?

2013 నాటి కామ్రీలోని నికెల్ మెటల్ హైడ్రైడ్ బ్యాటరీలో 34 విభాగాలున్నాయి. ఒక్కొక్క దానిలో ఆరు ఘటాలు; ఒక్కొక్క ఘటం 1.2 వోల్టులు. అన్నీ వరుసగా కలిసి సుమారు 245 వోల్టులు ఇస్తాయి. ఒక్క విభాగం బలహీనపడినా ప్రమాద సూచిక దీపం వెలుగుతుంది. అంతమాత్రాన కారు జీవితం ముగిసినట్లు కాదు.

బ్యాటరీకి ప్రధాన శత్రువు వేడిమి. రాయ్‌పూర్‌లో మే నెలలో ఉష్ణోగ్రత 44, 45 డిగ్రీలకు చేరడం వింత కాదు. ఇటువంటి కార్లలో బ్యాటరీని చల్లబరచే గాలి వెనుక సీటు సమీపంలోని రంధ్రం ద్వారా లోనికి ప్రవేశిస్తుంది. అక్కడ దుమ్ము పేరుకొన్నా, సామాను అడ్డువచ్చినా బ్యాటరీ వేడెక్కి త్వరగా క్షీణిస్తుంది. కొన్ని సందర్భాలలో లోపం పెద్ద బ్యాటరీది కాక, స్వల్ప ఖర్చుతో మార్చదగిన 12 వోల్టుల సాధారణ బ్యాటరీది కావచ్చు. కనుక కారు నడుస్తున్నప్పుడు విభాగాలవారీగా వోల్టేజి పరీక్షించిన నివేదిక చేతికి వచ్చిన పిమ్మటే నిర్ణయం తీసుకొనవలెను. ఒక్క విభాగాన్నే మార్చడం చవక. కాని మిగిలినవీ అదే వయస్సువి గనుక ఆ ఉపశమనం తాత్కాలికం. ఈ వోల్టేజి ప్రాణాంతకం. శిక్షణ లేనివారు నారింజ రంగు తీగలను తాకరాదు.

లెక్క ఎట్లా?

ఉన్నస్థితిలో అమ్మితే కారుకు రెండున్నర లక్షలు, బ్యాటరీ మార్చిన పిదప అమ్మితే నాలుగు లక్షలు వచ్చుననీ, మరమ్మతుకు 1 లక్షా 80 వేలగుననీ అనుకొందాం. అమ్మడానికే బాగుచేయిస్తే 30 వేలు నష్టం. అదే కారును మరి నాలుగేళ్లు వాడితే మరమ్మతు ఖర్చు ఏటికి 45 వేలు మాత్రమే. కొత్త కారు మొదటి సంవత్సరాలలో కోల్పోయే విలువ సాధారణంగా ఇంతకంటె ఎక్కువే. కాని చట్రానికి తుప్పు పట్టినా, ఇంజను, ప్రసార యంత్రాంగం కూడ క్షీణించినా ఈ లెక్క తారుమారవుతుంది. మరమ్మతు ఖర్చును ఆ కారు ఇంకా ఎన్నేళ్లు సేవచేయగలదన్న అంచనాతో పోల్చవలెనే గాని, దాని వయస్సుతో కాదు.

చట్టం ఏమంటున్నది?

ఢిల్లీ పరిసరాలలో పాత వాహనాలపై వెలువడిన ఉత్తర్వులు రాయ్‌పూర్‌కు వర్తించవు. 1988 మోటారు వాహనాల చట్టం ప్రకారం సొంత కారు రిజిస్ట్రేషన్ 15 ఏళ్లు చెల్లుతుంది. తనిఖీలో నెగ్గితే ఐదేసి సంవత్సరాలకు పునరుద్ధరించుకొనవచ్చును. 2022 ఏప్రిల్ 1 నుంచి ఈ పునరుద్ధరణ రుసుము 600 రూపాయల నుంచి 5,000 రూపాయలకు పెరిగింది. కారుకు 14వ ఏడు వచ్చినప్పుడు ఈ ఖర్చును కూడ లెక్కలో చేర్చవలెను.

అమ్మదలచినవారు యాజమాన్య బదిలీని ఎంతమాత్రం ఉపేక్షించరాదు. కారు చేతులు మారినా రిజిస్టరులో పేరు మారకుంటే, ప్రమాదం జరిగినప్పుడు నష్టపరిహార బాధ్యత పాత యజమానిదేనని 2018 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. సొమ్ము ముట్టింది గదా అని ఊరుకొన్నవారికి ఏళ్ల తరువాత కోర్టు నోటీసు రావచ్చును. కొనేవారు అదే రాష్ట్రంవారైతే 14 రోజులలోగా రవాణా కార్యాలయానికి తెలియజేయవలెను. రాయ్‌పూర్‌కు విజయనగరంతో 1931 నుంచి రైలు సంబంధం ఉన్నది. ఉభయ ప్రాంతాల మధ్య బంధుత్వాలూ, రాకపోకలూ సాగుతున్నాయి. కారు విశాఖపట్నంలోని బంధువుకు అమ్మినచో రాయ్‌పూర్ కార్యాలయం నుంచి నిరభ్యంతర పత్రం పొంది, అక్కడ పన్ను చెల్లించి కొత్త రిజిస్ట్రేషన్ చేయించుకొనవలెను. బ్యాటరీ పరీక్షా నివేదికను దాచక కొనేవారికి చూపడం అమ్మేవారి ధర్మం.

తుక్కు కూడ సంపదే

మరమ్మతుకు తగని కారును వీధిలో వదిలివేయడం శ్రేయస్కరం కాదు. 2021 సెప్టెంబరు నిబంధనల ప్రకారం నమోదైన తుక్కు కేంద్రానికి అప్పగిస్తే ధ్రువపత్రం లభిస్తుంది. దానిని చూపి కొత్త కారు కొన్నప్పుడు రాష్ట్రాలు రోడ్డు పన్నులో 25 శాతం వరకు రాయితీ ఇచ్చేందుకు కేంద్ర నిబంధనలు అవకాశం కల్పించాయి. పాత బ్యాటరీని ఇతర చెత్తలో కలుపక, సేకరణ కేంద్రానికో, పునశ్శుద్ధి చేసేవారికో అప్పగించడం 2022 బ్యాటరీ వ్యర్థాల నిబంధనల ప్రకారం వినియోగదారుని విధి. దానిలోని నికెల్, కోబాల్ట్ తిరిగి ఉపయోగపడే లోహాలు. ఇక కారులోని ఇనుముకు రాయ్‌పూర్‌లోనే గిరాకీ ఉన్నది. ఉర్లా, సిల్తరా పారిశ్రామిక వాడలలోని కొలుములు స్పాంజి ఇనుముతోపాటు తుక్కును కరగించి కొత్త ఉక్కును తయారుచేస్తాయి.

పరీక్ష ముందు, లెక్క తరువాత, కాగితాలు చివర: ఈ క్రమాన్ని పాటించిన యజమాని బాగుచేయించుకొన్నా, అమ్ముకొన్నా నష్టపడడు. హెచ్చరిక దీపం వెలగగానే బెదిరి వచ్చినకాడికి అమ్ముకొనేవారూ, ముచ్చటపడి శిథిల వాహనంపై లక్షలు వెచ్చించేవారూ ఆ మొదటి పరీక్షను విస్మరించినవారే.