సిమ్ చివరనెందుకు?

అచ్చంపేటలో స్టవ్వులు, మిక్సీలు, ఫ్రిజ్‌లు బాగుచేసే కొట్టు నాది. రిపేర్ల కంటే నాబ్‌ల గురించి చెప్పడానికే నా నోరు ఎక్కువ నొప్పెడుతుంది.

గ్యాస్ స్టవ్వునే తీసుకోండి. నాబ్ నొక్కి ఎడమకు తిప్పగానే ఫుల్ వస్తుంది. సిమ్ కావాలంటే చివరిదాకా పోవాలి. తక్కువ మంట ముందుండాలి కదయ్యా అని మా వీధి పెద్దాయన ఒకాయన వాదన. నాబ్ ఊడదీసి లోపలి ఇత్తడి కాక్ ఆయన చేతిలో పెట్టాను. దానికి ఒక పెద్ద బెజ్జం, ఒక సన్న బెజ్జం. వెలిగించేటప్పుడు బర్నర్ గొట్టంలోని గాలిని గ్యాస్ నెట్టుకుంటూ రావాలి. సన్నగా వస్తే లైటర్ ఎంత కొట్టినా ఓ పట్టాన అంటుకోదు. అందుకే పెద్ద బెజ్జం ముందు. పైగా సిమ్ ఆఫ్ పక్కనే ఉందనుకోండి, పాలు పొంగుతున్నాయని కంగారులో తగ్గించబోయి ఆర్పేస్తాం. నాబ్ సగంలో ఆగితే మరీ ముప్పు: మంట ఉండదు, గ్యాస్ మాత్రం వస్తూంటుంది. ఇప్పుడైతే తగిలి ఆగేదాకా తిప్పేయడమే, వంగి చూడక్కర్లేదు.

మిక్సీకి ఆ లెక్క పనికిరాదు. నిండు జారుతో మోటారు నెమ్మదిగా అందుకోవాలి కాబట్టి సున్నా పక్కన ఒకటి పెట్టారు. ఎడమనున్న పల్స్ మాత్రం చెయ్యి తీయగానే స్ప్రింగుతో వెనక్కొచ్చేస్తుంది. రోట్లో నాలుగు పోట్లు వేసి చూసుకున్నట్టు, కచ్చాపచ్చాగా కావలసిన వాటికి అది.

ఫ్రిజ్ దగ్గర మాత్రం కంపెనీలవాళ్లనే తప్పుపడతాను. దాని నాబ్ మీదున్న అంకెలు డిగ్రీలు కావు. అంకె పెరిగేకొద్దీ లోపల ఇంకా చల్లబడ్డాకే కంప్రెసర్ ఆగుతుంది, అంతే. ‘తక్కువ చలి, ఎక్కువ చలి’ అని రాస్తే పోయేది. మామూలు ఫ్రిజ్ కంప్రెసర్‌కు ఒకటే వేగం. మన పల్నాటి ఎండల్లో చుట్టాలొచ్చారని 7కి తిప్పినా నీళ్లు తొందరగా చల్లబడవు, ఫ్రీజర్‌లో మంచు పేరుకుంటుంది. ఇన్వర్టర్ లేని ఏసీని 16లో పెట్టడమూ ఇంతే. 2020 జనవరి నుంచి స్టార్ లేబుల్ ఏసీలు ఆన్ చేయగానే 24 మీదే మొదలవ్వాలని కేంద్రం నియమం పెట్టింది, మంచి పనే.

పండుమిర్చి పచ్చళ్ల రోజుల్లో మోటారు కాలిపోయిందని మిక్సీలు మోసుకొస్తుంటారు. సగానికి సగం కాలినవి కావు, వేడెక్కి ట్రిప్పయినవి. అమ్మా, ముందు ప్లగ్గు తీసి కాసేపు చల్లారనివ్వండి. అడుగున చిన్న ఎర్ర బటన్ ఉంటుంది, నొక్కండి. కాలిన వాసన రాకపోతే చాలాసార్లు అదే తిరుగుతుంది. ఆ పనికి నాదాకా రానక్కర్లేదు.