కుడికాలు వాడొద్దు!

గోల్ ముందు బంతి దొరికింది. తన్నాలి... కానీ కుడికాలితో కాదు. కుడివాటం ఆటగాళ్లు ఎడమకాలితోనే ఆడాలి. హైదరాబాద్‌లో ఒకప్పుడు ఇలాంటి ఫుట్‌బాల్ పోటీలు జరిగేవంటే నమ్ముతారా?

వాటిని పెట్టింది సయ్యద్ అబ్దుల్ రహీం. 2024లో వచ్చిన 'మైదాన్'లో అజయ్ దేవగణ్ పోషించింది ఆయన పాత్రనే. సైదాబాద్ నుంచి మలక్‌పేట దాటగానే వచ్చే చాదర్‌ఘాట్‌లో, అక్కడి హైస్కూల్లో పాఠాలు చెప్పిన మాస్టారాయన. హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టుకు కోచ్.

నలుగురిని ఒంటరిగా దాటుకెళ్తే జనం ఈలలేస్తారు. రహీంకు మాత్రం అది నచ్చేది కాదు. అందుకే డ్రిబ్లింగ్ లేని టోర్నీలూ పెట్టారు. బంతి కాలికి తగిలిందా, తోటివాడికి అందించాలంతే! ఆ చకచకా పాసులే సిటీ పోలీస్ బలం. 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదేళ్లు బొంబాయి రోవర్స్ కప్పు వాళ్లదే. 1950 డ్యూరాండ్ ఫైనల్లో మోహన్ బగాన్ అంతటి జట్టుకూ ఓటమి తప్పలేదు.

1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో రహీం శిక్షణలో భారత్ నాలుగో స్థానంలో నిలిచింది. నూర్ మహమ్మద్, అజీజుద్దీన్, జుల్ఫికరుద్దీన్... అందరూ మన పోలీసు జట్టువాళ్లే. 1963లో క్యాన్సర్ రహీంను తీసుకెళ్లిపోయింది. ఒలింపిక్స్ ఫుట్‌బాల్‌లో భారత్ చివరిసారి ఆడింది 1960లో, రోమ్‌లో. అప్పుడూ కోచ్ ఆయనే.