చాబీని గుర్తుపట్టని కారు

ట్యాంకులో పెట్రోలు ఉంటుంది. బ్యాటరీ మొన్ననే మార్పించినది. చాబీ తిప్పితే సెల్ఫ్ గిర్రున తిరుగుతుంది. ఇంజను మాత్రం అందుకోదు. ఒకవేళ అందుకున్నా రెండు క్షణాలు గుర్రుమని ఆగిపోతుంది. వాడకట్టు పిల్లలంతా కలిసి బజారు చివరిదాకా తోసినా ఫలితం సున్న. పెట్రోలు పంపు పోయిందని ఒకరు, ప్లగ్గులు పోయాయని మరొకరు తీర్పు చెబుతారు. చివరకు ట్రాక్టరుకు కట్టి పట్నం షెడ్డుకు లాక్కుపోవలసి వస్తుంది.

తీరా చూస్తే ఇంజనులో ఏ లోపమూ ఉండదు. యజమానినే దొంగ అనుకుని కారు మొరాయించిందన్న మాట.

ఉమ్మడి కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల పల్లెల్లో సెకండ్ హ్యాండ్ కార్లు కొన్నవారికి ఈ చిక్కు ఏదో ఒకనాడు ఎదురవుతూనే ఉన్నది. దీనికి కారణం ఇమ్మొబిలైజర్ అనే దొంగతన నిరోధక ఏర్పాటు. దాని సంగతి కాస్త తెలిసి ఉంటే చాలాసార్లు షెడ్డు దాకా పోనవసరం ఉండదు.

పూర్వం అంబాసిడర్, జీపు వంటి బండ్లకు చాబీ అంటే ఇనుప ముక్క. అది లేకున్నా స్టీరింగు కింద రెండు వైర్లు కలిపితే బండి కదిలేది. పాత ట్రాక్టర్ల సంగతి సరేసరి, ఒకరి చాబీ మరొకరి బండికి పట్టేది! దొంగకు ఇంతకంటే ఏం కావాలి? యూరపు దేశాల్లో కార్ల చోరీలు మితిమీరడంతో 1998 అక్టోబరు నుంచి కొత్త కార్లన్నిటికీ ఇమ్మొబిలైజర్ తప్పనిసరి చేశారు. దీనివల్ల నెదర్లాండ్స్‌లో కార్ల చోరీలు సగటున 40 శాతం మేర తగ్గినట్టు 1995–2008 నాటి లెక్కలు పరిశీలించిన ఆర్థికవేత్తలు తేల్చారు. మన దేశంలో మారుతి కంపెనీ ‘ఐక్యాట్స్’ పేరుతో 2000 తర్వాతి సంవత్సరాల్లో చిన్న కార్లకు కూడా దీన్ని తెచ్చింది.

చాబీ ప్లాస్టిక్ తలలో బియ్యపు గింజంతో, అంతకు కొంచెం పెద్దదో ఒక చిప్ ఉంటుంది. దానిలో ఒక రహస్య సంఖ్య దాగి ఉంటుంది. చాబీ దూర్చే రంధ్రం చుట్టూ తీగచుట్ట ఒకటి అమర్చి ఉంటుంది. చాబీ తిప్పగానే ఆ చుట్ట నుంచి వచ్చే రేడియో తరంగాలతోనే చిప్ మేలుకొని తన సంఖ్య చెబుతుంది. సంఖ్య సరిపోతే ఇంజను కంప్యూటర్ ఇంధనానికి అనుమతి ఇస్తుంది, లేదంటే లేదు. ఈ చిప్‌కు సెల్లు అవసరం లేదని గమనించాలి. చాబీలో ఉండే చిన్న సెల్లు దూరం నుంచి తలుపులు తెరవడానికే. కనుక చాబీ తిప్పి నడిపే కారు స్టార్ట్ కాకపోతే సెల్లు మార్చి లాభం లేదు. బటన్ నొక్కి స్టార్ట్ చేసే కార్ల తీరు వేరు. వాటిలో సెల్లు అయిపోతే కారు చాబీని కనిపెట్టలేదు. అప్పుడు చాబీనే బటన్‌కు ఆనించి నొక్కితే చాలా కార్లు స్టార్ట్ అవుతాయి.

మొరాయించింది ఇమ్మొబిలైజరేనని ఎలా తెలుస్తుంది? మీటర్ల వద్ద కారు బొమ్మ మీద తాళం గాని, చాబీ గాని ఉన్న దీపం ఉంటుంది. చాబీ ఆన్ చేశాక అది ఆరిపోకుండా మిణుకుమిణుకుమంటూ ఉంటే చాబీని కారు గుర్తించలేదని అర్థం. తాళం వేసి నిలిపిన కారులో ఎర్రదీపం మిణుకుమంటే మాత్రం కంగారు పడనక్కరలేదు, అది కాపలా కాస్తున్నట్టు లెక్క.

ముందు చాబీ బయటకు తీసి రెండు మూడు నిమిషాలు ఆగాలి. గుత్తిలో మరో కారు చాబీ గాని, చిప్ ఉన్న మోటారు సైకిల్ చాబీ గాని ఉంటే విడదీయాలి. రెండు చిప్‌లు ఒకేసారి మాట్లాడితే కారుకు ఎవరి మాటా వినపడదు. అప్పటికీ కాకుంటే ఇంట్లోని రెండో చాబీతో చూడాలి. దానితో స్టార్ట్ అయితే మొదటి చాబీలోనే లోపం. రెండింటితోనూ కాకపోతే తీగచుట్ట, ఫ్యూజు, వైరింగు, కంప్యూటర్ పెట్టెల్లో ఎక్కడో లోపం ఉన్నట్టు. అది స్కానర్ ఉన్న ఎలక్ట్రీషియన్ పని.

ఇక చలికాలం. కేస్లాపూర్ నాగోబా జాతర వచ్చే పుష్యమాసంలో ఆదిలాబాద్ చలి ఎంతటిదో ఇక్కడివారికి చెప్పనక్కరలేదు. రాత్రంతా మంచులో నిలిచిన కారు బ్యాటరీ నీరసించి, కరెంటు చాలక, ఇమ్మొబిలైజర్ దీపం కూడా తప్పుగా వెలుగుతుంది. సెల్ఫ్ టకటకమంటున్నా, హారను గొంతు పూడుకుపోయినా ముందు అనుమానించవలసింది బ్యాటరీనే. మరో కారు బ్యాటరీ నుంచి కరెంటు తీసుకోవచ్చు. లారీ జోలికి మాత్రం పోరాదు. పెద్ద లారీలు సాధారణంగా 24 వోల్టులవి, కారు 12 వోల్టులది. కలిపితే కారు కంప్యూటర్ మాడిపోవచ్చు.

చాబీ కవరు మార్పించడంలో మరో మోసం ఉన్నది. మోసం అంటే ఎవరో చేసేది కాదు, తెలియక జరిగేది. పాత కవరు పగిలితే రిపేరు దుకాణంలో లోపలి బటన్ల పలకను, ఇనుప పుల్లను కొత్త కవరులోకి మారుస్తారు. చాలా చాబీల్లో చిప్ ఆ పలకలో ఉండదు, పాత కవరు మూలలో విడిగా అతుక్కొని ఉంటుంది. అది చెత్తబుట్ట పాలవుతుంది. కొత్త చాబీ ముద్దుగా ఉంటుంది, తలుపులు తెరుస్తుంది, ఇంజను మాత్రం పలకదు. గొడుగు కింద కూర్చొని నకలు కోసిచ్చే చాబీతోనూ ఇదే తంతు. పాత కవరు అడిగి తెచ్చుకున్నవారికి పైసా ఖర్చు లేకుండా పని జరుగుతుంది. పోగొట్టుకున్నవారు కొత్త చిప్‌కు, దాన్ని కారుకు పరిచయం చేయించడానికి వేల రూపాయలు పెట్టుకోవాలి. ధర్మపురిలో, బాసరలో గోదావరి స్నానానికి దిగేవారు చాబీ జేబులో మరచిపోవడమూ మామూలే. తడిస్తే సెల్లు తీసి, తుడిచి, ఆరబెట్టాలి. చిప్ తరచు నీళ్లకు తట్టుకుంటుంది గాని బటన్ల పలక తట్టుకోదు.

వడ్ల బస్తాల పక్కన నిలిపే కార్లలో ఎలుకలు వైర్లు కొరకడం పల్లెలకే ప్రత్యేకమైన బాధ. దానికి ఏ స్కానరూ మందు కాదు, బానెట్ ఎత్తి చూడవలసిందే.

బజారులో బిగించే సైరన్ అలారం వేరు, కంపెనీ ఇమ్మొబిలైజర్ వేరు. సైరన్ అలారంలో చాలా రకాలు స్టీరింగు కింద వైరు కోసి మధ్యలో పెట్టినవే. ఆ అతుకు వదులైతే కారు ఆగుతుంది. తెలిసిన ఎలక్ట్రీషియన్ దాన్ని తీసివేసి పాత వైరు కలిపితే సరిపోతుంది. కంపెనీ ఇమ్మొబిలైజర్‌ను అలా ‘డైరెక్ట్’ చేస్తామనేవారిని దూరం ఉంచడం మేలు. దాని తాళం వైర్లలో లేదు, ఇంజను కంప్యూటర్ లోపల ఉన్నది.

అలాగని విసిగిపోయి ఈ ఏర్పాటే వద్దనుకుంటే ఏమవుతుందో అమెరికా చూసింది. అక్కడ ఇమ్మొబిలైజర్ లేకుండా అమ్మిన హ్యుండాయ్, కియా కార్లను 2021–22లో కుర్రకారు విరివిగా ఎత్తుకుపోయారు. చివరకు 2023 ఫిబ్రవరిలో సుమారు 83 లక్షల కార్లకు ఉచితంగా సాఫ్ట్‌వేర్ మార్చవలసి వచ్చింది.

రాత్రివేళ కాన్పు కేసో, పాము కాటో ఉన్నప్పుడు ఈ పరీక్షలన్నీ పెట్టుకోరాదు. ఒకటి రెండుసార్లు తిప్పి చూసి, కాకుంటే వెంటనే 108కి ఫోన్ చేయాలి, పక్కింటి బండి అడగాలి. కారు సంగతి తెల్లవారి చూసుకోవచ్చు.

పాత కారు కొనేటప్పుడు అందరూ టైర్లు తన్ని చూస్తారు, రంగు చూస్తారు. రెండో చాబీ అడిగేవారు తక్కువ. “ఒక్కటే ఉన్నది” అని అమ్మేవాడంటే రెండోది ఎవరి దగ్గర ఉన్నట్టు? ఒకే చాబీతో కొనక తప్పకపోతే, అది పనిచేస్తుండగానే రెండోది చేయించాలి. ఉన్న ఒక్కటీ పోయాక చేయించడం మరింత ఖర్చు, మరిన్ని రోజుల పని. అదే సమయంలో పాత చాబీల సంఖ్యలను కంప్యూటర్ నుంచి తొలగించమని షోరూం వారిని అడగవచ్చు. కారు చోరీ అయితే బీమా కంపెనీ రెండు చాబీలూ చూపమంటుంది. ఒకటి పోయి ఉంటే, అది పోయిన రోజే పోలీసు స్టేషన్‌లో ఫిర్యాదు ఇచ్చి నకలు దాచుకోవాలి. రెండో చాబీని కారు డ్యాష్‌బోర్డు డబ్బాలోనే పెట్టి తాళం వేసేవారు కూడా ఉన్నారు. అద్దం పగలగొట్టిన దొంగకు ఇక ఏ ఇమ్మొబిలైజరూ అడ్డు రాదు. దాన్ని ఇంట్లో బీరువాలో పట్టా కాగితాల పక్కన పెట్టి, ఎక్కడున్నదో ఇంట్లో మరొకరికి కూడా చెప్పి ఉంచాలి.