మంచి పిలగాడే... ఎందుకిట్ల జేసిండో!

నేరం జరిగిన తెల్లారి మన దగ్గర రెండే మాటలు వినిపిస్తాయి. చేసినవాడిని ఎరుగనివాళ్లు ‘వాణ్ణి ఉరి తియ్యాలె’ అంటారు. ఎరిగినవాళ్లు ‘మంచి పిలగాడే, ఎందుకిట్ల జేసిండో’ అంటారు. మొదటి మాట పేపర్లో పెద్దక్షరాలతో పడుతుంది. రెండోది వాకిట్లోనే ఆగిపోతుంది. నా మనసెప్పుడూ ఆ రెండో మాట దగ్గరే తచ్చాడుతుంటుంది.

2019 నవంబరు చివరి వారం మీకు గుర్తుండే ఉంటుంది. 24న మా పాత ఆదిలాబాద్ జిల్లాలోని ఎల్లాపటార్ దగ్గర, ఊరూరా తిరిగి సామాన్లమ్ముకునే ఒక తల్లిని ముగ్గురు చెరిచి చంపారు. 27న శంషాబాద్ దగ్గర ఒక పశువైద్యురాలిని నలుగురు బలి తీసుకున్నారు. ఒకరికి సమత అని, ఇంకొకరికి దిశ అని పేర్లు పెట్టారు పోలీసులు. దిశ కేసు నిందితులు డిసెంబరు 6న పోలీసు కాల్పుల్లో చనిపోతే జనం పూలు చల్లారు, మిఠాయిలు పంచుకున్నారు. ఆ కాల్పులు చంపాలనే ఉద్దేశంతో జరిపినవని సిర్పూర్కర్ కమిషన్ 2022లో తేల్చింది. సమత కేసులో ఆదిలాబాద్ ప్రత్యేక కోర్టు 2020 జనవరి 30న ముగ్గురికీ మరణశిక్ష వేసింది. మా వీధిలో ఆ రోజు అందరూ ‘పీడ పోయింది’ అన్నారు.

శిక్షలు పడాల్సిందే, కాదనను. కానీ అదే ఏడాది మే నెలలో వచ్చిన ఇంకో వార్తను మా వీధిలో ఎవరూ రెండోరోజు తలుచుకోలేదు. పెద్దపల్లి జిల్లాలో ఒక సింగరేణి కార్మికుణ్ణి కన్నకొడుకే చంపాడు. తండ్రి సర్వీసులో ఉండగా పోతే ఆ నౌకరీ తనకొస్తుందని చేశాడని, ఇంట్లోవాళ్లూ తోడున్నారని పోలీసులు చెప్పారు. ఇక్కడ ఎవరిని ఉరి తీస్తే కారణం తీరుతుంది చెప్పండి?

బొగ్గుబాయిల ఊళ్ల సంగతి తెలియనివాళ్లకు ఇది వట్టి రాక్షసత్వంలా కనబడుతుంది. నాది పుట్టిల్లు బెల్లంపల్లి కాబట్టి కొంచెం వివరంగా చెప్తాను. 1990ల మొదట్లో సింగరేణిలో లక్షా పదహారు వేల మంది దాకా పనిచేసేవాళ్లు. ఇప్పుడు నలభై వేల చిల్లర. బొగ్గు మాత్రం తగ్గలేదు, పెరిగింది. మనుషులు దిగే బాయిలు మూతబడి, ఓపెన్‌కాస్టులు వచ్చాయి. యంత్రాలు వచ్చాయి, కాంట్రాక్టు పనులు వచ్చాయి. పర్మినెంటు కార్మికుడి జీతానికీ, అక్కడే చెమటోడ్చే కాంట్రాక్టు కార్మికుడి జీతానికీ నక్కకూ నాకలోకానికీ ఉన్నంత తేడా. క్వార్టర్లు అవే, వీధి అదే. ఒకింట్లో పర్మినెంటు, పక్కింట్లో కాంట్రాక్టు. పిల్లలు కలిసే క్రికెట్ ఆడతారు, కలిసే డిగ్రీలు చదువుతారు. ఆ తర్వాత ఒకడు బండి కొంటాడు, ఇంకొకడు ఆ బండి వెనక కూర్చుంటాడు.

తండ్రి నౌకరీ కొడుక్కి వచ్చే వారసత్వ పద్ధతి చాలా ఏళ్లు ఆగిపోయి, మళ్లీ ఇవ్వబోతే 2017లో హైకోర్టు కొట్టేసింది. 2018 నుంచి కారుణ్య నియామకాలు వచ్చాయి. అంటే, సర్వీసు మిగిలి ఉండగానే తండ్రి చనిపోవాలి, లేదా జబ్బుపడి మెడికల్ బోర్డులో ‘అన్‌ఫిట్’ కావాలి. అప్పుడే పిల్లలకు నౌకరీ. దీనివల్ల ఎన్నో కుటుంబాలు నిలబడ్డాయి, ఆ మాట దాచను. కానీ తండ్రి ఆరోగ్యంగా ఉండటం కొడుక్కి నష్టమయ్యే లెక్క ఇది. ఆ లెక్క అందరిళ్లలోనూ ఉంది. హత్య ఒక్క ఇంట్లోనే జరిగింది. మిగతా ఇళ్లలో అది మాటల్లో, అలకల్లో, పళ్లెం విసిరెయ్యడాల్లో తేలిపోతున్నది.

ఇందులో మన ఆడవాళ్ల వాటా కూడా ఉంది. కూతురికి సంబంధం వస్తే మొదట అడిగేది ‘పిలగాడు సింగరేణా?’ అనే. సింగరేణి అయితే కట్నం రేటు వేరు. కాకపోతే ముప్ఫై దాటినా పిల్లనివ్వరు. ఇంట్లో విలువ లేక, పెళ్లి కాక, పొద్దుగూకితే చౌరస్తాలో చేరే మగపిల్లల్ని చూసి ‘జులాయిలు’ అని తలుపులేసుకుంటాం. సినిమాలే చెడగొడుతున్నాయి, ఫోన్లే చెడగొడుతున్నాయి అని సభల్లో ఉపన్యాసాలిస్తారు. అవే సినిమాలు ఉద్యోగమున్న పిల్లలూ చూస్తున్నారు కదా!

ఆ చౌరస్తాలో వాళ్లకు పలికేది ఒక్కటే తలుపు, మందు దుకాణం. 2023లో తెలంగాణలోని 2,620 మద్యం దుకాణాలకు లక్షా ముప్ఫై వేలకు పైగా దరఖాస్తులొచ్చాయి. దరఖాస్తుకు రెండు లక్షలు, తిరిగివ్వరు. దుకాణం తెరవకముందే ఖజానాకు రెండు వేల ఆరువందల కోట్లు! ఊళ్లలో కిరాణా కొట్లలో నడిచే బెల్టు షాపుల లెక్క ఇందులో లేదు.

మందు మానితే ఏమవుతుందో మేము కళ్లారా చూశాం. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారా దుకాణం మీదికి పోయిన సంగతి అందరికీ తెలిసిందే. 1993 అక్టోబరులో సారా, 1995 జనవరి 16 నుంచి మొత్తం మద్యం నిషేధించారు. అప్పుడు నేను మూడో క్లాసు. అంతకుముందు జీతాల రోజొస్తే ఏ ఇంట్లో గిన్నెలు ఎగురుతాయో అని మా వరస క్వార్టర్లన్నీ చెవులు రిక్కించుకుని ఉండేవి. ఆ రెండేళ్లు జీతాల రాత్రి కూడా కంటినిండా నిద్రపోయిన గుర్తు నాకు. దొంగసారా రాలేదా అంటే వచ్చింది, గుడుంబా బాగానే కాశారు. ‘దాసుకొని తాగెటోడు కేకలెయ్యడు బిడ్డా’ అనేది మా అవ్వ. 1997లో రాబడి లేదని నిషేధం ఎత్తేశారు. మళ్లీ గిన్నెలు మొదలు.

ఆ గిన్నెల చప్పుడు విన్న పిల్లలే ఇప్పటి ముప్ఫై, నలభై ఏళ్ల మగవాళ్లు. తండ్రి తల్లిని కొడితే దానికి ‘గొడవ’ అని పేరు. అదే చెయ్యి బజార్లో లేస్తే ‘నేరం’. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, ఏదో ఒక కారణానికి భర్త భార్యను కొట్టడం సబబేనన్న ఆడవాళ్లు తెలంగాణలో నూటికి 84 మంది. అడిగిన కారణాల్లో కూర సరిగా వండకపోవడమొకటి, చెప్పకుండా బయటికి పోవడమొకటి. ఈ అంకె చదివి మా ఆయన ‘తప్పుగా అచ్చయిందేమో’ అన్నాడు. కాలేదు. పక్కింటావిడను అడిగి చూశాను, ‘ఊకెనే కొడుతరా వదినె, మనం గూడ నోరు జేస్తం గద’ అంది. ఈ మాటలు వింటూ మూల కూర్చుని హోంవర్కు చేసుకుంటున్న పదేళ్ల పిల్లవాడికి కోపం వచ్చినప్పుడు ఏం చెయ్యాలో వేరే ఎవరు నేర్పుతారు?

కెమెరాలు పెట్టించండి, షీ టీములు పెట్టించండి, వద్దనను. మా ఆడపిల్లలు కాలేజీకి ధైర్యంగా పోతున్నారంటే వాటి పుణ్యం కొంత ఉంది. కానీ కెమెరా చౌరస్తాలోనే ఉంటుంది. క్వార్టర్ల లోపల ఏముందో పోయిన నెల మందమర్రిలో మా చుట్టాలింటికి పోయినప్పుడు మళ్లీ చూశాను. కొడుక్కి ముప్ఫై నాలుగేళ్లు. డిప్లొమా చదివి కాంట్రాక్టరు దగ్గర పని. మామకు ఊపిరి సరిగా ఆడటం లేదు, కొత్తగూడెం మెడికల్ బోర్డుకు రమ్మని కబురొచ్చింది. అత్త నన్ను వంటింట్లోకి పిలిచి, గొంతు తగ్గించి, మామ అన్‌ఫిట్ అయితే మొక్కు చెల్లిస్తానని గాంధారి మైసమ్మకు మొక్కుకున్నానని చెప్పింది. చెప్తూనే కొంగుతో కళ్లొత్తుకుంది. గోడ అవతల మంచం మీద మామ దగ్గు ఆపుకొని అడిగాడు:

‘‘ఏం మొక్కినవే, కోడా? యాటా?’’