‘అంతా మన మంచికే’ అనకండి

వేలు తెగిన రాజు కథ చిన్నప్పుడు విననివాళ్లుండరు. ‘అంతా మన మంచికే’ అన్న పాపానికి మంత్రిని చెరలో వేయిస్తాడు. తర్వాత అడవిలో బలి ఇవ్వబోయినవాళ్లు వేలు లేని మనిషి పనికిరాడని రాజును వదిలేస్తారు. మంత్రి మాటే నిజమైంది, కథ కంచికి. కానీ ఆ కథలో పోయింది వేలొక్కటే. చెప్పుకోవడానికి రాజు ఇంటికి తిరిగొచ్చాడు.

ఆ మాట దివిసీమలో అనగలమా?

1977 నవంబరు 19. తుఫాను వెంట సముద్రం సుమారు అయిదు మీటర్లు, అంటే దాదాపు మూడు నిలువుల ఎత్తు లేచి కృష్ణా పాయల మధ్య పల్లెల మీద పడింది. నాగాయలంక, కోడూరు వైపు ఊళ్లకు ఊళ్లే తుడిచిపెట్టుకుపోయాయి. సర్కారు లెక్కలోనే సుమారు 10 వేల మంది పోయారు. చెట్టు కొమ్మ పట్టుకుని బతికినవాళ్లకు తెల్లారాక మిగిలిన ప్రశ్న: వాళ్లంతా పోయి నేనెందుకు ఉన్నాను?

మన ‘ఎందుకు’లో రెండు ప్రశ్నలున్నాయి. ఎందువల్ల? ఎందుకోసం? మొదటిదానికి జవాబుంది. బంగాళాఖాతంలో తీరం దగ్గర లోతు తక్కువ, దివి నేల చదును, ఇళ్లేమో మట్టిగోడలు, తాటాకు కప్పులు. ఇందులో ఎవరి పాపమూ లేదు. రెండోదానికి మనం తలరాత అంటాం. దాన్ని నేను తీసిపారేయను. ‘నేనే చెయ్యి వదిలేశాను’ అని కుమిలిపోయే తల్లికి ‘రాసిపెట్టి ఉందమ్మా, నీ తప్పు కాదు’ అన్న మాట మందే. అదే మాట అధికారి నోట వస్తే తప్పించుకోవడం.

మరి ఆ రెండో ప్రశ్నకు జవాబు ఎక్కడ దొరుకుతుంది? అమెరికాలో జేమ్స్ పెన్నెబేకర్ అనే మనస్తత్వవేత్త 1980లలో విద్యార్థులతో ఒక ప్రయోగం చేశాడు. మనసులో దాచుకున్న గాయం గురించి రోజుకు పావుగంట చొప్పున నాలుగు రోజులు రాయమన్నాడు. రాసినవాళ్లు ఆ తర్వాతి నెలల్లో వైద్యం కోసం వెళ్లడం తగ్గింది. తర్వాతి పరిశోధనల్లో ఇంకో సంగతి బయటపడింది. రోజులు గడిచేకొద్దీ ఎవరి రాతల్లో ‘అందువల్ల’, ‘ఇప్పుడు అర్థమైంది’ లాంటి మాటలు పెరిగాయో వాళ్లకే మేలు ఎక్కువ జరిగింది. అర్థం తయారుగా దొరకలేదు, రాస్తూ రాస్తూ వాళ్లే అల్లుకున్నారు. పక్కవాడు చేతిలో పెట్టే అర్థం అలా అతకదు. ‘అంతా మన మంచికే’ అని ఒకసారి చావింట్లో నేనూ అన్నాను. ఆ ఇంటి పెద్దాయన చూసిన చూపు ఇంకా గుర్తుంది.

దివిసీమ కూడా తన ‘అందువల్ల’ను వెతుక్కుంది. ఉప్పెన తర్వాత తీరం వెంట తుఫాను షెల్టర్లు లేచాయి. 1990 మే నెలలో దాదాపు అంతటి తుఫానే మళ్లీ కృష్ణా తీరాన్ని తాకింది. ఈసారి లక్షకు పైగా జనాన్ని ముందే తరలించారు. చనిపోయినవాళ్లు వెయ్యి లోపు. అలాగని 77లో పోయినవాళ్లు 90లో వీళ్లను బతికించడానికే పోయారంటే నేనొప్పుకోను. వాళ్లు ఊరికే పోయారు. షెల్టర్లు కట్టాలనుకున్నది మిగిలినవాళ్లు.

ఉప్పెన చూసిన తరం ఇప్పుడు ముసలిదైపోతోంది. మీ ఇంట్లోనో, మీ వీధిలోనో అలాంటివాళ్లుంటే ఈ ఆదివారం ఒక పావుగంట పక్కన కూర్చోండి. చెప్పిందే చెప్పినా వినండి. ఆ మూడు మాటలు మాత్రం అనకండి.