వాయిస్‌లు ఎనిమిది... అరకులో రెండే చాలు!

పాలీఫోనిక్ సింథసైజర్ కొనేవాళ్లు మొదట అడిగేది ‘ఎన్ని వాయిస్‌లు?’ అనే. ఒకేసారి ఎన్ని నోట్లు మోగుతాయి అని దానర్థం. 1970లో వచ్చిన మినీమూగ్‌కి ఒక్కటే. 1978 నాటి ప్రాఫెట్-5కి అయిదు. 1983లో యమహా డీఎక్స్7 వచ్చి ఆ లెక్కని 16కి తీసుకెళ్లింది. ఎనభైల పాటల్లో గంటల్లా మెరిసే ఆ ఎలక్ట్రిక్ పియానో ధ్వని ప్రపంచమంతా పాకింది దానితోనే. రోజాకి ముందు రెహమాన్ మన రాజ్-కోటి దగ్గర కీబోర్డులు వాయించారని తెలిసిన దగ్గర్నుంచీ ఈ పెట్టెల పిచ్చి నాకు ఇంకాస్త ముదిరింది.

ఇప్పటిదాకా నాలుగు కొన్నాను, అన్నీ సెకండ్ హ్యాండే. మూడు అమ్మేశాను. నాలుగోది ఎందుకు మిగిలిందంటే, అరకు వల్ల.

మొదటిది కోర్గ్ వోల్కా కీస్. అరచేతికి కాస్త పెద్దది, బ్యాటరీతో నడుస్తుంది. మూడు నోట్లు పలుకుతుంది కానీ మూడింటికీ ఫిల్టర్ ఒక్కటే. ఒక నోటు పట్టుకుని ఉండగా ఇంకోటి నొక్కితే ఫిల్టర్ మళ్లీ మొదట్నుంచి తెరుచుకుంటుంది, పాత నోటు కూడా దానితోపాటు ఊగుతుంది. దీన్ని పారాఫోనీ అంటారు. నేర్చుకోడానికి బంగారం. ఆరు నెలలు చాలు.

తర్వాత బెరింగర్ డీప్‌మైండ్ 12. పేరులోనే ఉంది, 12 వాయిస్‌లు. రోలాండ్ జూనో-106 బాటలో వచ్చింది. ఆసిలేటర్లని డిజిటల్ గడియారం అదుపులో ఉంచుతుంది కాబట్టి చలికీ ఎండకీ శ్రుతి కదలదు. రాత్రి హెడ్‌ఫోన్స్ పెట్టుకుని రెండు చేతులతో పెద్ద కార్డ్ నొక్కితే గది సరిపోదనిపిస్తుంది. కానీ ఎనిమిది కిలోల పైమాటే. గోడ ప్లగ్ కావాలి, స్పీకర్ విడిగా కావాలి. కిరండూల్ ప్యాసింజర్‌లో దాన్ని ఒళ్లో పెట్టుకుని ఎవరైనా అరకు వెళ్తారా చెప్పండి!

మూడోది, నేను అన్నిటికన్నా ఇష్టంగా విన్నది, కోర్గ్ మినీలాగ్ ఎక్స్‌డీ. నాలుగే వాయిస్‌లు. నాలుగు వేళ్ల కార్డ్ తోక ఇంకా వినిపిస్తుండగా అయిదో నోటు నొక్కితే పాతదాంట్లో ఒకటి ఆగిపోతుంది. దొంగతనం అంటారు దాన్ని, ‘వాయిస్ స్టీలింగ్’. అయినా దాని అనలాగ్ ఆసిలేటర్ల వెచ్చదనం వేరు. పైగా ఒక్కో స్వరాన్నీ మనకి కావలసిన శ్రుతికి జరుపుకోవచ్చు. అరకు కోసం నేను కొన్నది నిజానికి దీన్నే. ఎందుకో చెప్తా.

అరకు దగ్గర ఒక ఊళ్లో థింసా బృందం ఉంది. సెలవు దొరికితే అక్కడికి పోతాను. తుడుము, డప్పు, కిరిడి దరువు వేస్తుంటే మోరి పాట నడుపుతుంది. మోరి సన్నాయి జాతిది. కోరాపుట్ వైపు మొహురి అంటారు. ఆడవాళ్లు వెనక నుంచి చేతులు పెనవేసుకుని వలయంగా తిరుగుతారు. ఊదేవాడి ఊపిరిని బట్టి మోరి శ్రుతి కొంచెం అటూ ఇటూ జరుగుతుంది. కీబోర్డులోని పన్నెండు మెట్లు దానికి పట్టవు. దానికింద సినిమా పాటలాగా మేజర్, మైనర్ కార్డ్‌లు వేశామా, పాట చచ్చిపోతుంది. ఫోన్లో రికార్డ్ చేసి ఇంట్లో వేసి చూశాను: కార్డ్ ఉన్నచోటల్లా మోరి ‘అపశ్రుతి’ అనిపించింది. నిజానికి తప్పు మోరిది కాదు, కార్డ్‌ది. కొండ పాటకి ‘ఫ్యూజన్’ అని పేరు పెట్టి చాలామంది చేస్తున్నది ఇదే. నాకు నచ్చదు.

శ్రుతి జరపగల ఎక్స్‌డీ ఇక్కడ గెలవాలి కదా? మోరి ప్రతి పాటలో మారుతుంటే ఎన్నిసార్లు మెనూలోకి వెళ్లి జరుపుతాం? పైగా ఆరుబయట అడాప్టర్ గుచ్చడానికి ప్లగ్ ఎక్కడ?

అలా నాలుగోది వచ్చింది: యమహా రీఫేస్ సీఎస్. 2015 నాటిది. ఎనిమిది వాయిస్‌లు, 37 చిన్న కీలు, రెండు కిలోల లోపు బరువు. ఆరు పెన్సిల్ సెల్స్‌తో సుమారు అయిదు గంటలు నడుస్తుంది. స్పీకర్లు దాంట్లోనే ఉన్నాయి. నిఖార్సైన అనలాగ్ కాదు, అనలాగ్‌ని అనుకరించే డిజిటల్. అంటే మాఘమాసపు మంచులో బయట పెట్టినా శ్రుతి తప్పదు. పిచ్ బెండ్ లివర్‌ని ఎడమ బొటనవేలితో కొంచెం వంచి మోరి దగ్గరికి పోవచ్చు. మెనూ లేదు, కళ్లు ఊదేవాడి మీదే ఉంటాయి.

ఎనిమిదిలో నేను వాడేది రెండే, షడ్జం, పంచమం. మరి పాలీఫోనిక్ ఎందుకు అంటారా? ఆ రెండూ వదిలి కొత్త జంటకి మారినప్పుడు పాతవి నెమ్మదిగా కరిగిపోవాలి. టక్కున తెగకూడదు. దానికి కనీసం నాలుగు వాయిస్‌లు కావాలి, మిగతావి భరోసా.

మొదటిరోజు మోరి వాయించే తాత ఒక నిమిషం విని, “బాబూ, నీ పెట్టెని కాస్త నోరు తగ్గించమను” అన్నాడు. “అలాగే తాతా” అని వాల్యూమ్ సగం చేశాను. “ఇంకా” అన్నాడు. ఇప్పుడు తుడుము ఎత్తుకుంటే 2 వాట్ల ఆ చిన్న స్పీకర్లు నాకే సరిగ్గా వినబడవు. పక్కన కూర్చున్న తాతకి వినబడతాయి. ఆయనకి ఊతం కావాల్సింది దరువు ఆగే చోట్లే.

ఇబ్బందులు లేవని కాదు. ఇందులో మెమరీ లేదు, చేసుకున్న సౌండ్ పెట్టెలో దాచుకోలేం. స్లయిడర్లు ఎక్కడున్నాయో ఫోన్‌తో ఫొటో తీసుకుంటాను. గ్యాలరీలో సెల్ఫీలకన్నా ఈ ఫొటోలే ఎక్కువున్నాయి. పియానో నేర్చుకున్న చేతులకి ఆ కీలు బొమ్మ కీల్లా ఉంటాయి, రెండు చేతులా వాయించేవాళ్లు దీని జోలికి పోకండి. ఛార్జింగ్ సెల్స్ రెండు సెట్లు కొనండి, ఒకటి ఎప్పుడూ బ్యాగ్‌లో ఉండాలి. కొనేముందు మాత్రం పన్నెండు వాయిస్‌ల డెమో వీడియోలు కాకుండా, మీరు వాయించబోయే చోట పక్కవాళ్లు ఏం వాయిస్తారో వెళ్లి వినండి.